సభకు వెళ్ళేది వినడానికేనా?

(పింఛనుదార్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17న మనం ఎందుకు కలుస్తామో మీకు తెలియనిది కాదు. 1982లో అదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదని, అది ఉద్యోగి హక్కని తీర్పు చెప్పింది. ఆ తీర్పు సంగతి నాకంటె బాగా తెలిసినవారు మాట్లాడారు. డి.ఆర్. బకాయిల గురించి కార్యదర్శిగారు వివరించారు. ఇక సభకు ముందూ వెనకా జరిగే దాన్ని గురించి నాలుగు మాటలు నేను మనవి చేస్తాను.

మన పేటలకు సభలు కొత్త కాదు. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ 1966లో ఏర్పడింది. సంగీతం, నాటకం, పుస్తకావిష్కరణ, సన్మానం, ఏదో ఒకటి అక్కడ జరుగుతూనే ఉంటుంది. నారాయణగూడ నుంచి, అశోక్ నగర్ నుంచి నడిచి వచ్చేవారెందరో. కార్డులో ఆరు గంటలని వేస్తే ఆరున్నరకు గాని మొదలుకాదని తెలిసీ అయిదున్నరకే వచ్చే మిత్రులున్నారు. వాళ్ళకు ఆ గంటే అసలు సభ. ఎవరి మోకాలికి ఆపరేషను అయింది, ఎవరి మనవడికి సీటొచ్చింది, ఎవరి ఫామిలీ పెన్షను ఫైలు ఎక్కడ ఆగింది, అక్కడ ఎవరిని కలిస్తే కదులుతుంది, ఇవన్నీ ఆ మెట్ల దగ్గరే తేలతాయి.

ఎనభై దాటిన మిత్రులొకరికి చెవులు సరిగా వినపడవు. మెషీను పెట్టుకుంటే మైకు గోల భరించలేరు. అయినా మూడో వరుసలో వచ్చి కూర్చుంటారు. "ఎందుకండీ ఈ శ్రమ?" అని అడిగాను. "నేను వినడానికి రాలేదోయ్, కనపడడానికి వచ్చాను. ఒకరోజు రాకపోతే నాకేదో అయిందని మీకు తెలియాలిగా!" అన్నారు. ఈ ప్రసంగానికి ఆ మాటే మూలం.

ఇదంతా మన ముసలివాళ్ళ వ్యవహారం అనుకోకండి. అమెరికాలో ఉద్యోగం చేసుకుంటున్న మా మనవరాలు సరదాగా మట్టిపాత్రలు చేయడం నేర్చుకుంది. అక్కడ సెరామిక్ కళ బోధించేవారికి ఒక జాతీయ మండలి ఉంది. చిత్రమేమంటే అదీ మన గానసభలాగే 1966లో ఏర్పడినదే. ఏటా ఒక్కో ఊళ్ళో మహాసభ జరుపుతారు. వేలమంది వస్తారు. పేరున్నవారు వేదిక మీద సారె తిప్పి చూపిస్తారు. కప్పుల ప్రదర్శన పెట్టి అమ్ముతారు. మా పిల్ల వెళ్ళి వచ్చాక, "ఏం నేర్చుకున్నావమ్మా?" అని ఫోనులో అడిగాను. "ప్రసంగాలు సగం మరిచిపోయాను తాతయ్యా. కప్పులు కొనే క్యూలో నా పక్కన నిలబడ్డ పెద్దావిడ, కాల్చేటప్పుడు నా కుండలు ఎందుకు పగులుతున్నాయో చెప్పింది. ఇప్పటికీ ఉత్తరాలు రాసుకుంటున్నాం" అంది. లోపల తడి ఆరకుండా కాలిస్తే ఆవిరికి కుండ పగులుతుందని మన కుమ్మరులకు పుట్టుకతో తెలిసిన సంగతే. ఆ పిల్లకు మాత్రం అది క్యూలోనే దొరికింది.

మనకు అలాంటి క్యూలు తగ్గిపోయాయి. వెనక ఏడాదికోసారి, బతికున్నామని సంతకం పెట్టడానికి ట్రెజరీకో బ్యాంకుకో వెళ్ళేవాళ్ళం. నిలబడడం కష్టమే గాని, పాత సెక్షను వాళ్ళు కనిపించేవారు. 2014 నవంబరులో కేంద్ర ప్రభుత్వం జీవన్ ప్రమాణ్ తెచ్చింది. ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఫోనుకు ముఖం చూపిస్తే సరిపోతున్నది. మంచం పట్టినవారికి అదెంత మేలో వేరే చెప్పాలా? అయితే ఫోను మనం బతికున్నామని రాసుకుంటుందే గాని, ఎలా ఉన్నారని అడగదు. అడగవలసింది మనమే.

అందుకని కార్యవర్గానికి మూడు మనవులు. ఒకటి: సభకు ముందు అరగంట, తరువాత అరగంట కాఫీకీ కబుర్లకీ వదలండి. శాలువాలు నాలుగు తగ్గినా ఎవరూ నొచ్చుకోరు. రెండు: మన సర్వీసంతా హాజరుపట్టీతో గడిచింది. ఇక్కడా ఒకటి పెడదాం. రానివారి పేర్లు రాసుకుని, పేటకొకరు చొప్పున రెండు రోజుల్లో ఇంటికి వెళ్ళి చూసి రావాలి. మూడు: భర్త పోయాక ఫామిలీ పెన్షను తీసుకుంటున్న సోదరీమణులు చాలామంది సభలకు రావడం మానేస్తున్నారు. కార్డు పంపి ఊరుకోకుండా మన ఇళ్ళలోని ఆడవారు వెళ్ళి పిలుచుకురావాలి. దూరాన ఉన్నవారికి 2020 ఫిబ్రవరి నుంచి మెట్రో రైలు వచ్చింది. నారాయణగూడలోనూ చిక్కడపల్లిలోనూ స్టేషన్లున్నాయి, లిఫ్టులున్నాయి.

పిల్లలకొక మాట. మీ నాన్నగారు సభకు వెళతానంటే "ఈ వయసులో ఎందుకు?" అనకండి. ఆటో ఎక్కించి పంపండి. తిరిగొచ్చాక ఎవరు మాట్లాడారని కాక, ఎవరు కనిపించారని అడగండి.

కాఫీ చల్లారిపోతున్నదని వెనక నుంచి సైగ చేస్తున్నారు. మీకు తెలియనివారి పక్కన నిలబడి తాగండి. సెలవు.