వృత్తలేఖిని నుండి కంప్యూటర్ దాకా: కట్టడకళలో రేఖాగణితం
(ప్లాటినం జూబిలీ సభలో చదివిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్ క్షణంలో గీసి ఇస్తున్నప్పుడు పిల్లలచేత వృత్తలేఖినితో గంటల తరబడి గీయించడం దేనికి? ఈ ప్రశ్న నేడు ప్రతి పాఠశాల ముంగిటా వినిపిస్తున్నది. ప్రశ్న సహేతుకమైనదే. స్పెయిన్ దేశంలోని బార్సిలోనా నగరంలో ఒక ఆలయ నిర్మాణ చరిత్ర దీనికి చక్కని సమాధానం చెబుతుంది.

సగ్రాద ఫమీలియా అనే ఆ క్రైస్తవ ఆలయానికి 1882లో శంకుస్థాపన జరిగింది. మరుసటి ఏడు ఆ బాధ్యతను ఆంటోని గౌడీ అనే వాస్తుశిల్పి స్వీకరించాడు. 1926లో ట్రాము ఢీకొని మరణించే వరకు ఆయన ఆ పనిని విడువలేదు.

పండుగనాడు గుమ్మానికి కట్టిన మామిడి తోరణాన్ని గమనించండి. దారం తన బరువుకు తానే ఒక వంపు తీసుకుంటుంది. అందులో ఉన్నది లాగుడు మాత్రమే. ఆ వంపును తలక్రిందులు చేసి రాతితో కట్టితే, లాగుడంతా ఒత్తిడిగా మారుతుంది. రాయి లాగుడుకు తాళలేదు గాని ఒత్తిడికి తాళుతుంది. కావున కమాను నిలుస్తుంది. ఈ సూత్రాన్ని ఇంగ్లండులో రాబర్ట్ హుక్ 1675లోనే ప్రకటించాడు. గౌడీ దీనినే ఆధారం చేసుకొని, కొలోనియా గ్వెల్ ప్రార్థనాలయం కోసం పైకప్పు నుండి దారాలు వ్రేలాడదీసి, వాటికి సీసపు గుళ్ల సంచులు కట్టి, పదవ వంతు పరిమాణంలో నమూనా సిద్ధం చేశాడు. ఒక సంచి బరువు మార్చితే దారాలన్నీ సర్దుకొని క్రొత్త రూపం దాల్చేవి. ఒక కొలత మారగా తక్కినవన్నీ తమంతట తాము మారడమనే ఈ గుణమే నేటి డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు ప్రాణం.

చివరి సంవత్సరాలలో గౌడీ మరొక మార్గం పట్టాడు. గుప్పెడు చీపురు పుల్లలను నిలువుగా పట్టుకొని, రెండు కొనలను ఎదురెదురు దిక్కులకు మెలిత్రిప్పితే నడుము సన్నబడి డమరుకం వంటి రూపం ఏర్పడుతుంది. చూపుకు అది వంపు. కాని అందులోని ప్రతి పుల్లా సరళరేఖయే. దీనిని అతిపరావలయజం అంటారు. సరళరేఖలతో ఏర్పడే ఇట్టి తలాలను సామాన్యుడైన తాపీ పనివాడు సైతం దారం, బద్ద సాయంతో కొలిచి కట్టగలడు. వంకర తిరిగిన ఊహను పనివాని చేతికి అందేలా చేయడమే గౌడీ ప్రజ్ఞ.

1936లో అంతర్యుద్ధం చెలరేగినప్పుడు ఆయన కార్యశాల దగ్ధమైంది. పటాలు బూడిదయ్యాయి, ప్లాస్టరు నమూనాలు ముక్కలయ్యాయి. శిష్యులు ఆ ముక్కలను ఏరి భద్రపరిచారు. ముక్క నుండి మొత్తాన్ని ఊహించడం ఎలా? రూపం మనసుకు తోచినట్లు చెక్కినదైతే అది అసాధ్యమే. రేఖాగణిత నియమానికి లోబడినది కనుక, మిగిలిన భాగాన్ని బట్టి నియమాన్ని, నియమాన్ని బట్టి పోయిన భాగాన్ని కనుగొనే వీలున్నది.

న్యూజీలాండుకు చెందిన వాస్తుశిల్పి మార్క్ బరీ 1979లో ఈ పనిలో ప్రవేశించారు. రెండు అతిపరావలయజాలు ఎక్కడ ఖండించుకుంటాయో మొదట చేతితోనే గీసి తేల్చవలసి వచ్చింది. ఏళ్ల తరబడి ఆ శ్రమ సాగింది. 1990 దశకంలో విమానాల రూపకల్పనకు వాడే సాఫ్ట్‌వేర్‌ను ఆలయ నిర్మాణానికి అన్వయించారు. అటుపై కొలతలు మార్చి చూడడం, మిగిలిన ముక్కలతో పోల్చడం, మరల మార్చడం సులభమైంది. ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాలలో ఆచార్యులుగా ఆయన సాగించిన పరిశోధనకు ఈ అనుభవం పునాదియైంది. ఆలయ మధ్యభాగపు కప్పు పూర్తికాగా, 2010 నవంబరులో పోపు బెనెడిక్ట్ ప్రతిష్ఠ జరిపారు.

ఇందులో గ్రహించవలసినది ఒకటున్నది. యంత్రం లెక్కను వేగంగా చేసింది. ఏ లెక్క చేయాలో మాత్రం చేతితో గీసి నేర్చిన మనిషి చెప్పాడు. యంత్రం రాకముందు పడిన శ్రమ వ్యర్థం కాలేదు. ఆ శ్రమయే యంత్రాన్ని ప్రశ్నించే అర్హతను ఇచ్చింది.

కనుక తల్లిదండ్రులకు ఒక విన్నపం. పాఠశాలకు కంప్యూటర్లు రావాలి. పిల్లలు వాటిలో ఆరితేరాలి. వాటికి చోటివ్వడానికి రేఖాగణిత నిర్మాణాల గంటను మాత్రం తగ్గించమని కోరకండి. లంబ సమద్విఖండన రేఖను స్వయంగా గీసిన బాలికకు, తెరపై కనబడే గీత సరియో కాదో తెలుస్తుంది.

తెలుగు నేలకు వెలుపల తెలుగులో చదివిన పిల్లలకు వ్యాసార్థం, స్పర్శరేఖ, పరావలయం అన్న మాటలు భారమని కొందరి భయం. ఒక భావాన్ని ఇంటిభాషలో అర్థం చేసుకున్నవారికి దాని ఆంగ్ల నామం నేర్వడానికి ఒక దినం చాలును. భావమే అందనివారికి ఏ భాషలోని పేరైనా ఒక్కటే. ఈ నల్లబల్ల ముందు గీసి నేర్చిన పూర్వ విద్యార్థులలో నేడు ఇంజనీర్లు, మేస్త్రీలు, వడ్రంగులు, ఉపాధ్యాయులు ఉన్నారు. వారు ఏడాదికి ఒక్కనాడైనా తరగతికి వచ్చి, తమ పనిలో ఏ గీత ఎక్కడ అక్కరకు వచ్చిందో పిల్లలకు చూపితే, డెబ్బది అయిదేండ్ల ఈ విద్యాలయానికి అంతకు మించిన జూబిలీ కానుక లేదు.

స్వస్తి.