అప్పు లేకుండా ఇంటి అలంకరణ

(సంఘం వార్షికోత్సవ సందర్భంగా జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మాకిచ్చిన అంశం "తక్కువ ఖర్చుతో ఇంటి అలంకరణ". బడిపంతుళ్లకు ఈ అంశమేమిటని కొందరికి అనిపించవచ్చు. ప్రతి జూన్‌లో బడిబాట అని మేము ఇంటింటికీ తిరుగుతాం. పిల్లల్ని బడిలో చేర్పించమని అడగడానికి వెళ్తాం. మన వాళ్లు గుమ్మంలో నిలబెట్టి పంపరు. లోపలికి పిలిచి చాప వేస్తారు, చాయ్ ఇస్తారు. అలా పాతికేళ్లుగా మన వాడలోని ఇళ్ల గోడలు మేము చూసినన్ని, సున్నాలు వేసే మేస్త్రీలు తప్ప ఇంకెవరూ చూసి ఉండరు. దుబారా తప్పని చెప్పే పెద్దలు వేదిక మీదే ఉన్నారు కాబట్టి ఆ ఉపదేశం వారికే వదిలేస్తున్నాం. మేము సున్నం, సూది, సుత్తి గురించే మాట్లాడతాం.

ఇంటి మీద డబ్బు ఎప్పుడు ఖర్చు పెడతాం? రంజాన్ ముందు ఒకసారి. ఇంట్లో ఆడపిల్ల ఉంటే, రిష్తా వాళ్లు వస్తున్నారని కబురు అందినప్పుడు ఇంకోసారి. రెండోదే ప్రమాదం. మాకు తెలిసిన ఒక ఇంట్లో అలాంటి కబురు రాగానే నలభై వేలు అప్పు తెచ్చారు. సోఫా కొన్నారు, ముందు గదికి పీఓపీ సీలింగ్ చేయించారు. నూటికి మూడు రూపాయల వడ్డీ. అంటే నెలకు 1,200, ఏడాదికి 14,400. అసలు అలాగే ఉంది. ఆ ఏడాదే ఆ ఇంట్లో రెండో అమ్మాయి కాలేజీ మానేసింది. ఫీజు కోసం అడిగితే వాళ్ల అమ్మ మాతో ఒక్క మాట కూడా అనలేకపోయింది. సోఫా మీద ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. ఆ సంబంధం కుదరలేదని చెబితే మా మాటకు బలం వచ్చేది. కానీ కుదిరింది, పెళ్లి బాగా జరిగింది. అప్పు మాత్రం చిన్నమ్మాయి చదువును తినేసింది.

ఇల్లు అందంగా ఉండాలనుకోవడం తప్పని మేము అనడం లేదు. రెండు గదుల రేకుల ఇంట్లో ఉన్నవాళ్లకే ఆ కోరిక ఎక్కువ ఉంటుంది, ఉండాలి కూడా. డబ్బు ఏ వరుసలో పెడుతున్నామన్నదే మా ప్రశ్న. ముందు గోడ, తర్వాత వెలుతురు, తర్వాత పిల్లలు చదువుకునే చోటు. మిగిలితే అలంకారం.

గోడ దగ్గరే ఎక్కువ సేపు ఆగుతాం, మన ఇళ్లలో డబ్బు ఎక్కువ వృథా అయ్యేది అక్కడే. స్నానాల గది పక్క గోడ మోకాలెత్తు దాకా చెమ్మ పట్టి పెచ్చులు ఊడుతుంటుంది. దాని మీద ఇటుకల బొమ్మలున్న స్టిక్కర్ కాగితం అంటిస్తారు. రెండు నెలలు బాగుంటుంది. తర్వాత కాగితం వెనక బూజు పడుతుంది, వాసన వస్తుంది, అదే గోడకు ఆనుకుని పడుకునే పిల్లకు దగ్గు మొదలవుతుంది. చెమ్మను కప్పితే పోదు. అది ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి. పైపు కారుతోందా? బయట గోడ మొదట్లో మట్టి పోగుపడి వాన నీళ్లు నిలుస్తున్నాయా? మట్టి తీసి, నీళ్లు పక్కకు పోయేలా కాస్త వాలు చేస్తే సగం ఇళ్లలో చెమ్మ తగ్గిపోతుంది. దానికి ఒక పార, ఒక ఆదివారం చాలు.

గోడ ఆరిన తర్వాత సున్నం. సున్నమంటే పేదవాళ్ల పని అనుకునే కాలం వచ్చింది గానీ, చెమ్మ పట్టే గోడకు దానంత మంచిది లేదు. ప్లాస్టిక్ పెయింట్ పొరలా కప్పేసి తేమను లోపలే బంధిస్తుంది. సున్నం గోడను ఊపిరి పీల్చుకోనిస్తుంది. గోడకు వేసిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. అందుకే వేసిన రోజు బూడిద రంగులో వెలవెలబోయినా, ఆరిన కొద్దీ తెల్లబడుతుంది. ఒక పూతకే తెల్లగా రాలేదని చిక్కగా కలిపితే పొడిపొడిగా రాలి బట్టలకు అంటుతుంది. పాలలా పలుచగా కలిపి, గోడను ముందు నీళ్లతో తడిపి, ఒక్కో పూత ఆరనిచ్చి మూడు పూతలు వేయాలి. తుమ్మబంక నానబెట్టిన నీళ్లు కాస్త కలిపితే పట్టు ఉంటుంది. చిటికెడు నీలిమందు వేస్తే తెలుపు తేరుతుంది.

రాయి సున్నం తెచ్చేవాళ్లకు జాగ్రత్త చెప్పాలి. నీళ్లలో సున్నం వేయాలి గానీ సున్నం మీద నీళ్లు పోయకూడదు. కుతకుత ఉడికి పైకి చిమ్ముతుంది. ప్లాస్టిక్ బకెట్టు వద్దు, ఇనుప డ్రమ్ము వాడండి. పిల్లల్ని ఆ దరిదాపుల్లోకి రానీయకండి. కంట్లో పడితే మంచినీళ్లతో చాలాసేపు కడిగి, వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. రాత్రంతా నాననిచ్చి, పాత దుప్పటి గుడ్డలో వడకట్టి వాడుకోవాలి.

ఇంకొక మాట. పసుపు రంగు కావాలని సున్నంలో వంటింటి పసుపు కలిపేవాళ్లు ఉన్నారు. ఎర్రబడుతుంది! మా ఏడో తరగతి పిల్లలు ఈ ప్రయోగం చేసి చూపిస్తారు. రంగు కావాలంటే దుకాణంలో ఆక్సైడ్ పొడి దొరుకుతుంది, అది సున్నంలో నిలుస్తుంది. ఇంతకు ముందు ఆయిల్ పెయింటు గానీ ప్లాస్టిక్ పెయింటు గానీ వేసి ఉన్న గోడకు సున్నం పట్టదు, ఆ గోడలకు చౌక రకం డిస్టెంపర్ వేసుకోవలసిందే. అద్దె ఇళ్ల వాళ్లు ముందు యజమానిని అడగండి. "కూలి మాది, సరుకు మీది" అంటే చాలామంది ఒప్పుకుంటారు.

తలుపులు, కిటికీల విషయంలో మాత్రం కచ్చితంగా ఉంటాం. పాత ఇళ్ల ఆయిల్ పెయింటులో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగును పొడిగా ఉప్పుకాగితంతో గీకితే ఆ దుమ్ము పిల్లల ఒంట్లోకి పోతుంది. చిన్నపిల్లల మెదడు ఎదుగుదలను సీసం దెబ్బతీస్తుంది. అందంగా చేద్దామని మొదలుపెట్టి పిల్ల చదువుకే ఎసరు పెట్టుకున్నట్టు అవుతుంది. తడిపి రుద్దండి, తడిగుడ్డతో తుడవండి, పని అయ్యేదాకా పిల్లల్ని నానీ ఇంటికి పంపండి. రంగు గట్టిగానే ఉంటే గీకకుండా దాని మీదే కొత్త పూత వేయడం ఇంకా మేలు.

వెలుతురు సంగతి తొందరగా చెప్పేస్తాం. లోపలి పైకప్పు తెల్లగా ఉంటే అదే దీపం కిటికీ నిండా వెలుగిచ్చినట్టు ఉంటుంది. 60 వాట్ల పాత బల్బు తీసి 9 వాట్ల ఎల్ఈడీ పెడితే, రోజుకు ఐదు గంటల చొప్పున నెలకు ఏడున్నర యూనిట్లు మిగులుతాయి. ఇంటి పైకప్పు మీద బయటి వైపు తెల్లగా పూసినా ఎండాకాలం లోపల వేడి తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఇందుకే. సిమెంటు రేకుల మీద మాత్రం నడవకండి, విరుగుతాయి. వాటిని గీకడం, రంధ్రాలు చేయడం కూడా వద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చెడ్డది.

ఇప్పుడు పిల్లలు చదువుకునే చోటు. మేము బడిబాటలో ఇంట్లోకి వెళ్లగానే ముందు చూసేది ఇదే. సోఫా ఉంటుంది, షోకేసు ఉంటుంది, షోకేసు నిండా ఎవరూ తాకని కప్పులు ఉంటాయి. పిల్లవాడి పుస్తకాలు మాత్రం బియ్యం డబ్బా మీద ఉంటాయి. పాత ఇళ్లకు గోడల్లో తాఖ్‌లు ఉండేవి, పుస్తకాలకు అవే చాలేవి. ఇప్పటి నాలుగంగుళాల గోడలకు ఆ భాగ్యం లేదు. పండ్ల మార్కెట్లో ఆపిల్ పెట్టెలు అడిగితే చౌకగా ఇస్తారు. మేకులు పీకి, ఉప్పుకాగితంతో నునుపు చేసి, రెండు పెట్టెలు పక్కకు పడుకోబెట్టి ఒకదానిపై ఒకటి బిగిస్తే పుస్తకాల అర తయారు. ఒక చెక్క పలకకు రెండు బందులు, ఒక గొలుసు పెట్టి గోడకు కొడితే చదువుకునేటప్పుడు దించి, పడుకునేటప్పుడు మడిచేసే బల్ల అవుతుంది. మన వాడలో వడ్రంగం, వెల్డింగ్ తెలిసిన మగవాళ్లు ఎందరో ఉన్నారు. ఊరందరి ఇళ్లకూ బల్లలు చేసే వాళ్ల ఇంట్లోనే బల్ల ఉండదు. భాయ్‌సాబ్‌లను కాస్త గట్టిగా అడగండి.

ఇక మీ చేతిలో ఉన్న పని, గుడ్డ. ఇక్కడ కూర్చున్న వారిలో సగం మందికి కుట్టుమిషను వచ్చు. మార్కెట్లో రెడీమేడ్ పరదాలు కొనడం మాకు ఆశ్చర్యంగా ఉంటుంది. నూలు చీర పొడవు ఐదున్నర మీటర్లు. ఏడడుగుల తలుపుకు మడతలతో కలిపి పరదాకు రెండు మీటర్ల ముప్పై సెంటీమీటర్లు పోతుంది. ఒక చీరకు రెండు పరదాలు వచ్చి, ఇంకా తొంభై సెంటీమీటర్ల గుడ్డ మిగులుతుంది, దిండు గలీబుకు సరిపోతుంది. పైన నేఫా కుట్టి స్ప్రింగు తీగ దూర్చడమే. పడమటి కిటికీకి మాత్రం రెండు పొరలు వేయండి. చీర నేత చిరుగు పట్టి ఉంటే పరదాకు పనికిరాదు, ఉతకగానే చీలిపోతుంది. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే తెలిసిపోతుంది.

అలాంటి చీరలకు బొంత ఉండనే ఉంది. మన దాదీలు గోదడి అనేవారు. నాలుగు మెత్తని చీరలు పొరలుగా పరిచి, చేత్తో పరుగు కుట్టు వేస్తే అదే పరుపు, అదే కప్పు. పైపొరకు దర్జీ కొట్టులో పడేసే కట్‌పీసులు తెచ్చుకోండి. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు బొంతకు ఆరంగుళాల చదరపు ముక్కలు 96 కావాలి. కుట్టులో పోయేది లెక్కేసి ఆరున్నర అంగుళాలకు కత్తిరించాలి. ముక్కల్ని ముందే తడిపి తెల్లగుడ్డతో రుద్ది చూడండి, రంగు దిగేవాటిని పక్కన పెట్టేయండి. పాత ట్రంకు పెట్టెకు తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి, మీద ఎనామెల్ రంగు వేసి, ఈ బొంత మడిచి పరిస్తే ముగ్గురు కూర్చోవచ్చు. వచ్చినవాళ్లు సోఫా లేదని చూడరు, బొంత ఎవరు కుట్టారని అడుగుతారు. ఆ ప్రశ్న మేము చాలా ఇళ్లలో విన్నాం.

ఫోనులో చూపించే అలంకరణలన్నీ పొదుపు కాదు. ఖాళీ సీసాతో పువ్వుల కుండీ చేయడానికి జిగురు తుపాకీ, స్ప్రే రంగు, మెరుపులు కొనమంటారు. లెక్క వేస్తే బజారు కుండీ కన్నా ఎక్కువే అవుతుంది. ప్లాస్టిక్ సీసాల పువ్వులు మాకు అసలే నచ్చవు, నెల తిరిగేసరికి దుమ్ము తొట్లవుతాయి. సీసాలో మనీ ప్లాంటు పెట్టుకోండి, బాగుంటుంది. వారానికొకసారి నీళ్లు పారబోసి మార్చాలి, లేకపోతే డెంగీ దోమను మనమే పెంచినట్టు.

రిష్తా విషయం ఇంకొక్కసారి చెప్పి ముగిస్తాం. వచ్చేది అబ్బాయి తల్లి, అక్కలు. వాళ్లూ మన లాంటి ఇళ్ల నుంచే వస్తారు. ఇక్కడున్న మీలో కొందరు వచ్చే ఏడాది అబ్బాయి తరఫున అలా వెళ్లేవాళ్లే. వెళ్లినప్పుడు సోఫా లేదని ఇంటికొచ్చి మాట్లాడుకోకండి. ఈ మాట అమ్మాయి తల్లులకు చెప్పడం కన్నా అబ్బాయి తల్లులకు చెప్పడమే ఎక్కువ అవసరమని మాకు అనిపిస్తోంది.

మా బడి పిల్లల తల్లులు కుట్టిన రెండు బొంతలు, ఒక పరదా, ఒక ఆపిల్ పెట్టె అర వెనక బల్ల మీద పెట్టాం. బొంతను తిప్పి వెనక కుట్లు కూడా చూడండి. సున్నం తడపడం, పూయడం వచ్చే ఆదివారం అసర్ నమాజు తర్వాత సంఘం కార్యాలయం పెరటి గోడ మీద చేసి చూపిస్తాం. పాత బట్టలు కట్టుకుని రండి, చిన్నపిల్లల్ని మాత్రం ఇంటి దగ్గరే వదిలి రండి.