లినక్స్ బూట్‌లో డ్రైవ్ కనపడట్లేదా? ఫార్మాట్ కొట్టకముందు ఇది చూడండి

ఈ మధ్య కామెంట్స్‌లో ఒకటే గోల. "అన్నా, లినక్స్ ఆన్ చేస్తే డ్రైవ్ కనపడట్లేదు, ఎమర్జెన్సీ మోడ్ అని నల్ల స్క్రీన్ వస్తోంది, మళ్లీ ఇన్‌స్టాల్ చేసెయ్యనా?" అని. ఆగండి బాస్. ఆ కంగారులో తప్పు డిస్క్ మీద క్లిక్ పడిందా, ప్రాజెక్టు, ఇంట్లోవాళ్ల ఫొటోలు, అన్నీ పోతాయి. చాలాసార్లు డ్రైవ్ నిక్షేపంగా ఉంటుంది.

కనపడట్లేదు సరే, ఎవరికి కనపడట్లేదు? బయోస్‌కా, కెర్నల్‌కా, లేక మౌంట్ చేసే సిస్టమ్‌డీకా? ఇది తేలితే సగం పని అయిపోయినట్టే.

బయోస్‌లోనే పేరు లేదంటే లినక్స్‌ని తిట్టి లాభం లేదు. పవర్ తీసేసి కేబుల్ మార్చండి, ఎం.2 అయితే ఊడదీసి మళ్లీ గట్టిగా పెట్టండి. కొన్ని మదర్‌బోర్డుల్లో ఎం.2 స్లాట్ వాడితే ఒక సాటా పోర్ట్ ఆగిపోతుంది, మాన్యువల్‌లో రాసి ఉంటుంది (ఎవరూ చదవరనుకోండి).

బయోస్‌లో ఉంది, ఇన్‌స్టాలర్‌లో లేదు అంటే, ఇంటెల్ ల్యాప్‌టాప్ అయితే నా మొదటి అనుమానం ఆర్‌ఎస్‌టీ లేదా వీఎండీ సెట్టింగ్ మీదే. దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చాలి. కానీ పక్కన విండోస్ ఉంటే ముందు బిట్‌లాకర్ రికవరీ కీ దాచుకుని, విండోస్‌ని సేఫ్ మోడ్‌లో బూట్ అయ్యేలా పెట్టాకే మార్చండి. లేకపోతే విండోస్ బ్లూ స్క్రీన్ కొడుతుంది.

ఇప్పుడు అసలు కథ. మా కాలేజీ జూనియర్ ఒకడు ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు మొత్తం రెండో హార్డ్ డిస్క్‌లో పెట్టుకున్నాడు. ఈటీసీ ఫోల్డర్‌లోని ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో దాన్ని ఎస్‌డీబీ1 అని రాశాడు. తర్వాత కొత్త ఎస్‌ఎస్‌డీ బిగించాడు. రీబూట్ అవగానే ఖాళీ ఎస్‌ఎస్‌డీ ఎస్‌డీబీ అయింది, పాత డిస్క్ ఎస్‌డీసీ అయింది. ఈ పేర్లు ప్రతిసారీ ఒకేలా ఉంటాయని కెర్నల్ ఏ గ్యారంటీ ఇవ్వదు. సిస్టమ్‌డీ పాపం ఎస్‌డీబీ1 కోసం 90 సెకన్లు ఎదురుచూసి, ఎమర్జెన్సీ మోడ్‌లో పడేసింది. వీడేమో "అన్నా, డిస్క్ చచ్చిపోయింది, వారంలో రివ్యూ" అని వీడియో కాల్.

లైవ్ యూఎస్‌బీతో బూట్ చేయించాను. ఎందుకంటే ఉబుంటులో రూట్ అకౌంట్ మామూలుగా లాక్ అయి ఉంటుంది, ఎమర్జెన్సీ షెల్‌లోకి వెళ్లనివ్వకపోవచ్చు. ఎల్ఎస్‌బీఎల్‌కే హైఫన్ ఎఫ్ కొట్టగానే డిస్క్ కనపడింది, పక్కనే దాని యూయూఐడీ కూడా. సిస్టమ్ పార్టిషన్ మౌంట్ చేసి, ఎఫ్‌స్టాబ్‌కి ఒక కాపీ తీసి, ఎస్‌డీబీ1 స్థానంలో ఆ యూయూఐడీ రాయించాను. ఆప్షన్లలో నోఫెయిల్ అని చేర్చాం. ఇక ఆ డిస్క్ రాకపోయినా బూట్ ఆగదు. రూట్ పార్టిషన్ లైన్‌కి మాత్రం నోఫెయిల్ జోలికి వెళ్లకండి. బూట్ అయ్యాక ఫైండ్‌ఎంఎన్‌టీ హైఫన్ హైఫన్ వెరిఫై కొడితే ఫైల్‌లో తప్పులుంటే చెప్పేస్తుంది.

ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే ప్రాంప్ట్ దగ్గర ఆగిపోతే అది వేరే సంగతి, అక్కడ దొరకనిది రూట్ పార్టిషనే. బీఎల్‌కేఐడీ కొట్టి, స్క్రీన్ మీద అడుగుతున్న యూయూఐడీతో పోల్చండి. డ్రైవ్ ఆలస్యంగా లేస్తోందని అనిపిస్తే గ్రబ్‌లో రూట్‌డిలే=10 పెట్టి చూడండి.

డీమెసేజ్‌లో వరసగా ఐ/ఓ ఎర్రర్లు వస్తే మాత్రం జాగ్రత్త. స్మార్ట్‌సీటీఎల్ రిపోర్ట్‌లో సీఆర్‌సీ ఎర్రర్లు మాత్రమే పెరుగుతుంటే కేబుల్ అనుమానించండి, చవకలో బయటపడ్డట్టే. పెండింగ్ సెక్టర్లు పెరుగుతున్నాయంటే డిస్క్ పోతోంది. అప్పుడు ఎఫ్‌ఎస్‌సీకే రన్ చేయకండి, ముందు డీడీరెస్క్యూతో ఇంకో డిస్క్‌లోకి కాపీ తీయండి. టకటకా చప్పుడు వస్తుంటే అదీ వద్దు, వెంటనే పవర్ తీసేసి డేటా రికవరీ వాళ్లకి చూపించండి.

కామెంట్ పెట్టేటప్పుడు "పనిచేయట్లేదు అన్నా" అని మాత్రం వదిలేయకండి ప్లీజ్. ఫోన్‌తో స్క్రీన్ మొత్తం ఫొటో తీసి, బయోస్‌లో డ్రైవ్ పేరు ఉందో లేదో కూడా రాయండి. చూసి రిప్లై ఇస్తాను.