మెత్తగా ఉండాల్సిన కుకీ గట్టిపడితే: మా బేకరీ యూనిట్ నేర్చుకున్నది
(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో బేకరీ యూనిట్ తరఫున చేసిన ప్రసంగం)



ఏటా ఈ సమావేశంలో లాభం వచ్చిన యూనిట్లు మాట్లాడతాయి. ఈసారి మమ్మల్ని మాట్లాడమన్నప్పుడు మేము నలుగురం కూర్చుని ఒక మాట అనుకున్నాం. బాగా జరిగింది చెబితే చప్పట్లు కొడతారు, చెడిపోయింది చెబితే పనికొస్తుంది. అందుకని కిందటేడు క్రిస్మస్ కుకీల సంగతి దాచకుండా చెబుతాం.

మాది డెల్టా పల్లె. డిసెంబరు వచ్చిందంటే ఇంటింటికీ స్టార్లు కడతారు, గులాబీ పువ్వులు వండుతారు, అరిసెలు చేస్తారు. స్త్రీనిధి అప్పుతో ఓవెన్ కొన్నాక మేము బిస్కెట్లు, కేకులు చేస్తున్నాం. పక్క ఊరి సండే స్కూలు వాళ్లు వచ్చి, "అమెరికాలో క్రిస్మస్‌కి చేసుకునే షుగర్ కుకీలు కావాలండీ. కొన్ని మీరే రంగులు వేసి ఇవ్వండి, మిగతావి పిల్లలే వేసుకుంటారు. మెత్తగా ఉండాలి, చిన్నపిల్లలు తినాలి" అన్నారు. మూడు వందలు. అంత పెద్ద ఆర్డరు మాకు అదే మొదటిది. వెంటనే ఒప్పేసుకున్నాం.

తప్పు అక్కడే మొదలైంది. బిస్కెట్ అంటే కరకరలాడాలని మనకు అలవాటు కదా! బంగారు రంగు వచ్చేదాకా కాల్చాం. ఓవెన్‌లోంచి తీసినప్పుడు బాగానే ఉన్నాయి, తెల్లారేసరికి పలకలైపోయాయి. ఐసింగ్ ఆరకముందే కవర్లలో పెట్టాం. శాంతాక్లాజ్ టోపీ ఎరుపు గడ్డం తెలుపులోకి దిగిపోయింది.

ఆ రాత్రి మాలో మాకు గొడవైంది. "అన్నీ ఇలాగే ఉంటాయని చెప్పి ఇచ్చేద్దాం, వాళ్లకేం తెలుస్తుంది" అన్నారు ఇద్దరు. వాళ్లను తప్పుపట్టలేం. నెల కిస్తీ దగ్గరికొచ్చింది, వెన్నకే చాలా డబ్బు పోయింది. అప్పుడు మాలో పెద్దామె ఒక కుకీ తీసి, "దీన్ని నీ మనవడికి పెడతావా?" అని అడిగింది. ఎవరూ పెడతామనలేదు. పొద్దున్నే వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పి, రెండు రోజులు గడువు అడిగాం. వాళ్లు ఒప్పుకున్నారు. సరుకు మళ్లీ కొన్నాం. ఆ ఆర్డరులో మాకు రూపాయి మిగల్లేదు సరికదా, చేతి డబ్బు పోయింది. ఒక చెల్లెలు యూనిట్ నుంచి తప్పుకుంది కూడా. అందుకే ఇప్పుడు నలుగురమే ఉన్నాం. ఆమెకు ఇవాళ్టికీ మా తలుపు తెరిచే ఉంది.

రెండోసారి ఎలా చేశామో చెబుతాం, రాసుకోండి. ముప్పై కుకీలకు కొలత ఇది. మైదా 375 గ్రాములు, వెన్న 225 గ్రాములు, పంచదార 200 గ్రాములు, ఒక గుడ్డు, దానిపైన ఇంకో గుడ్డు పచ్చసొన, రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్, అర చెంచా బేకింగ్ పౌడర్, వెనిల్లా. వెన్న ఉప్పుదైతే మళ్లీ ఉప్పు వేయొద్దు.

గ్లాసుతో కొలవొద్దు, కాటా పెట్టి తూచండి. గ్లాసులో మైదా నొక్కి పోస్తే ఎక్కువ పడుతుంది, అదే కుకీని ఎండగొడుతుంది. మన పంచదార గింజ లావు, సరిగా కరగదు. మిక్సీలో ఒక్కసారి తిప్పి వేయండి. వెన్న వేలితో నొక్కితే దిగాలి గానీ కరిగి నూనెలా కాకూడదు. కరిగితే కుకీ ఓవెన్‌లో పరుచుకుపోతుంది, నక్షత్రం కాస్తా అప్పడం అవుతుంది. మైదా వేశాక చపాతీ పిండిలా పిసకొద్దు. పిసికేకొద్దీ సాగి గట్టిపడుతుంది. ముద్ద కలిసిందంటే ఆపేయాలి.

ముద్దను రెండు బటర్ పేపర్ల మధ్య చిటికెన వేలు మందాన ఒత్తి, గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టాలి. పీట మీద పొడి పిండి చల్లి ఒత్తితే ఆ పిండంతా కుకీలోకే పోతుంది. మొదటిసారి మేము చేసింది అదే. పల్చగా ఒత్తితే మెత్తదనం రాదు.

ఓవెన్ ముందే 175 డిగ్రీలకు వేడెక్కాలి. తొమ్మిది నుంచి పదకొండు నిమిషాలు చాలు. అంచులు గట్టిపడి, మధ్యలో ఇంకా పచ్చిగా ఉందేమో అనిపించినప్పుడే తీసేయాలి. చెయ్యి ఆగదు, "ఇంకొక్క నిమిషం" అనిపిస్తుంది. ఆ ఒక్క నిమిషమే మమ్మల్ని ముంచింది. బయటికి తీశాక కూడా ట్రే వేడికి అయిదు నిమిషాలు ఉడుకుతుంది. ఆ తర్వాతే జాలీ మీదకు తీయాలి. ఓవెన్ మీది అంకెను నమ్మొద్దు. లోపల పెట్టే చిన్న థర్మామీటర్ కొనుక్కున్నాక తెలిసింది, మాది చూపించేదానికంటే ఎక్కువ కాలుస్తోందని.

చల్లారాక మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టి, ఒక బ్రెడ్ ముక్క వేయండి. బ్రెడ్‌లోని చెమ్మ కుకీ పీల్చుకుంటుంది, బ్రెడ్ ఎండుతుంది, కుకీ మెత్తగా ఉంటుంది. ఇది ఐసింగ్ వేయకముందు మాత్రమే.

ఐసింగ్‌కి పచ్చి తెల్లసొన వాడం, పిల్లలు తినేది కదా. ఐసింగ్ షుగర్, నీళ్లు, ఒక చెంచా లిక్విడ్ గ్లూకోజ్ చాలు. గ్లూకోజ్ వేస్తే మెరుపు వస్తుంది, కొరికితే పెళుసుగా విరగదు. నీళ్లు చెంచా చెంచాగా పోయాలి. జెల్ రంగులే వాడాలి, నీళ్ల రంగు వేస్తే జారిపోతుంది. తెలుపు పూర్తిగా ఆరాకే పక్కన ఎరుపు వేయాలి. రాత్రంతా ఫ్యాను కింద విడివిడిగా ఆరబెట్టి, మర్నాడే కవర్లో పెట్టాలి. అంటే 23న ఇవ్వాలంటే 21న కాల్చాలి, 22న రంగు వేయాలి. తేదీ వెనక నుంచి లెక్క వేసుకున్నాకే ఇప్పుడు ఆర్డరు ఒప్పుకుంటున్నాం.

ఇంకో మాట. గుడ్డు వేసిన ప్యాకెట్ మీద పచ్చ చుక్క పెట్టకూడదు, మాంసాహార గుర్తే పెట్టాలి. గుడ్డు మాత్రమే ఉందని పక్కన రాసుకోవచ్చు. ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్‌కి ఏడాదికి వంద రూపాయలే తీసుకున్నారు. దానికి భయపడి ఆగిపోవద్దు.

చివరిగా లెక్క. కిందటేడు వెన్న రాశాం, మైదా రాశాం, కరెంటు రాశాం, మా కూలి రాయలేదు. రెండు రాత్రులు నిలబడిన కాళ్లకు ఖరీదు లేదన్నట్టు ధర చెప్పాం. కాలిపోయినవి, విరిగినవి కూడా ధరలో కలపలేదు. ఇప్పుడు పుస్తకంలో కూలికి ఒక గడి, పాడైనవాటికి ఒక గడి పెట్టాం. సంఘం పొదుపు పుస్తకం రాసినంత శ్రద్ధగా అదీ రాస్తున్నాం. వెన్న బదులు డాల్డా వేస్తే ధర తగ్గించొచ్చని దుకాణాల వాళ్లు అంటారు. తగ్గించొచ్చు, కానీ ఆ రుచి రాదు. ధర తగ్గించలేమని ఇద్దరు ముగ్గురికి చెప్పి పంపేశాం కూడా.

సమాఖ్యను మేము కోరేది ఒక్కటే. కొత్త యూనిట్‌కి అప్పు ఇచ్చేటప్పుడు ఓవెన్‌తో పాటు కాటా, థర్మామీటర్ కూడా ఆ లెక్కలోనే ఇప్పించండి. మొదటి పెద్ద ఆర్డరుకు ముందు పాత యూనిట్ దగ్గర రెండు రోజులు కూర్చోబెట్టండి. ఎవరు వచ్చినా నేర్పడానికి మేము సిద్ధం.

ఆ సండే స్కూలు వాళ్లు ఈ ఏడు కూడా మా దగ్గరికే వచ్చారు. చెడిపోయిన కుకీలు చూశాక కూడా వచ్చారు. ఆ రోజు పొద్దున్నే వెళ్లి నిజం చెప్పాం కాబట్టే వచ్చారని మేము అనుకుంటున్నాం.