ఆంగ్ల సంభాషణ పరీక్షలో సమాధానము

చదువునకో, ఉద్యోగమునకో విదేశములకు పోదలచిన యువతీయువకులు నేడు మన ప్రతి పట్టణమునను కనబడుచున్నారు. తమకు ఆంగ్లము వచ్చునని వారు ముందుగా ఒక పరీక్ష ద్వారా నిరూపించుకొనవలసి యున్నది. అట్టి పరీక్షలలో మన ఇండ్లలో పేరు బాగుగా వినబడునది ఐ.ఇ.ఎల్.టి.ఎస్. అనునది. వాడుకలో దీనిని 'ఐయెల్ట్సు' అందురు. 1989లో మొదలైన ఈ పరీక్షకు వినుట, చదువుట, వ్రాయుట, మాటలాడుట అని నాలుగు భాగములు. ఒక్కొక్క భాగమునకు 0 మొదలు 9 వరకు, అరల లెక్కతో, బ్యాండులు ఇత్తురు. మొదటి మూడు భాగములలో అభ్యర్థి తన బల్లముందు కూర్చుండి తన తంటా తాను పడును. నాలుగవ భాగములో ఎదుట ఒక మనిషి యుండును. చిక్కంతయు అచ్చటనే.

ఈ చిక్కు ఎంతటిదో ఒక ఉదాహరణము చూతము. బ్రిటనులో నర్సుగా పేరు నమోదు చేసికొనుటకు ఈ పరీక్ష వ్రాసినవారు వ్రాతలో 6.5 తెచ్చుకొన్న చాలును. మాటలాడుటలో మాత్రము 7 రావలెను. మన ఆసుపత్రులలో ఏండ్ల తరబడి పనిచేసిన నర్సులు, అర్ధరాత్రి రోగి పరిస్థితిని వైద్యునకు ఫోనులో ఆంగ్లముననే వివరింపగలవారు, పరీక్షకుని ఎదుట 6.5తో ఆగిపోవుటయు కలదు. లోపించినది అర బ్యాండు. దాని కొఱకు మరల వేలకొలది రూపాయల రుసుము, మరల నిరీక్షణము, ఇంటిలో అప్పులవారికి మరల సమాధానము. వీరికి ఆంగ్లము రాదనుట సరికాదు. పరీక్షలో సమాధానము చెప్పు తీరు తెలియలేదనుట సత్యమునకు దగ్గర.

మాటను పరీక్షించుట నిన్న మొన్న పుట్టినది కాదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు 1913లో ఆంగ్ల ప్రావీణ్య పరీక్ష నొకటి ఆరంభించిరి. అది మొత్తము 12 గంటల పరీక్ష. అనువాదము, వ్యాకరణము, వ్యాసము, సాహిత్యము, ధ్వనిశాస్త్రము అన్నియు అందులో నుండెను. పైకి చదువుటకును సంభాషణకును కలిపి అరగంట. ఆ యేట కూర్చున్నవారు ముగ్గురే, ముగ్గురును తప్పిరి. వారితో పోల్చిన నేటి అభ్యర్థి అదృష్టవంతుడే యనవలెను.

నేటి సంభాషణ పరీక్ష 11 నుండి 14 నిమిషములలో ముగియును. మొదట నాలుగైదు నిమిషములు ఊరు, ఇల్లు, చదువు, ఇష్టాయిష్టములను గూర్చిన చిన్న ప్రశ్నలు. పిమ్మట ఒక చీటీ చేతికిచ్చి, ఒక నిమిషము ఆలోచించుకొననిచ్చి, ఒకటి రెండు నిమిషములు ఏకధాటిగా మాటలాడుమందురు. చివర నాలుగైదు నిమిషములు ఆ విషయమునే విస్తరించి చర్చింతురు. సంభాషణ యంతయు రికార్డు చేయబడును. గుణములు నాలుగు అంశములకు సమానముగా పంచబడి యున్నవి: ధారాళముగను పొందికగను మాటలాడుట, పదసంపద, వ్యాకరణమునందలి వైవిధ్యమును నిర్దుష్టతయు, ఉచ్చారణము. ఈ జాబితాలో లేనిదానిని గమనింపవలెను. అభిప్రాయమునకు గుణములు లేవు. విషయజ్ఞానమునకు లేవు. సముద్రస్నానము మంచిదన్నను చెడ్డదన్నను పరీక్షకునకు ఒకటే. ఆ మాట ఎట్లు చెప్పితిమనునదే ఆయనకు కావలసినది. ఇది తెలిసినంతనే సగము భయము తీరవలెను. కాని మనవారిలో పలువురు గొప్ప అభిప్రాయమును వెదకుచు, ఆ వెదకులాటలో మాటను పోగొట్టుకొనుచున్నారు.

మేము అన్నిటికంటె పెద్ద అపాయముగా నెంచునది బట్టీ పట్టిన సమాధానము. మనది కంఠస్థ విద్యాసంప్రదాయము. ఎక్కములు, శతకములు, అమరము నోటికి వచ్చిన తరువాతనే మన పూర్వులకు చదువు. దానిని మేము చులకన చేయము. అయితే కొన్ని శిక్షణశాలలు అచ్చువేసి అమ్ముచున్న సమాధానములను అప్పగించుటకు ఆ సంప్రదాయమును వాడుకొనుట వ్యర్థము. పరీక్షకుడు రోజంతయు ఇదే పనిమీద కూర్చుండువాడు. నిన్న మరియొక నోట విన్న వాక్యమునే నేడు వినుచున్నచో గుర్తింపడా? వల్లించునప్పుడు గొంతు మారును, చూపు పైకప్పునకు పోవును, వేగము పెరుగును. తరువాతి ప్రశ్నకు ఆ పట్టుబట్ట చిరిగి లోపలి గోనె బయటపడును. వల్లించిన మాటలను అభ్యర్థి స్వంతభాషగా లెక్కింపరు.

దీనికి మనలోనే ఒక చక్కని పోలిక కలదు. అష్టావధానమున అవధాని ముందుగా పద్యములు వ్రాసికొని రాడు. పృచ్ఛకులు ఏ సమస్య నిత్తురో, ఏ అక్షరమును నిషేధింతురో ఆయనకు తెలియదు. ఆయన వశము చేసికొని వచ్చునది ఛందస్సు, పదములు, వాక్యపు నడక. అప్రస్తుత ప్రసంగము చేయువాడు నడుమ వచ్చి, వంకాయ కూరను గూర్చి అడిగినను ఆయన తడబడడు; అచ్చటనే నవ్వించి మరల తన పాదమునకు వచ్చును. మన అభ్యర్థి బట్టీ పట్టవలసినదేమైన ఉన్నచో అది సమాధానము కాదు, సమాధానమును నడపు సామగ్రి: కారణము చెప్పు తీరు, ఉదాహరణమునకు మలుపు తిప్పు తీరు, సందేహమును వ్యక్తపరచు తీరు, మునుపటికిని ఇప్పటికిని గల భేదమును తెలుపు తీరు.

రెండవ చిక్కు మన మర్యాదలోనిది. పెద్దల ఎదుట తక్కువ మాటలాడుట మనకు వినయము. పెండ్లిచూపులలో పిల్ల 'ఊఁ', 'ఉహూఁ' అన్న మెచ్చుకొనుటయే మనకు వాడుక. ఉపాధ్యాయుడు ప్రశ్న వేసినచో ఒక్కమాట చెప్పి కూర్చుండుట బడిలో నేర్చినదే. ఈ వినయమును పరీక్షగదిలోనికి తీసికొనిపోయినచో పరీక్షకుడు దానిని వినయమని గ్రహింపడు; భాష లేదని గ్రహించును. ఆయన తప్పేమి? వినబడని మాటకు గుణము వేయుట ఎవరికిని సాధ్యము కాదు.

'మీ ఊరిలో మీకు ఇష్టమైన చోటేది?' అని అడిగిరనుకొందము. 'కాలువగట్టు' అని ఊరకున్నచో ప్రశ్నకు జవాబు వచ్చినది, పరీక్షకు రాలేదు. 'కాలువగట్టు నాకు మిక్కిలి ఇష్టము. చిన్నతనమున ఈత నేర్చినది అచ్చటనే. ఇప్పుడు ఈదువారు తగ్గిరి గాని, సాయంకాలము నడచుటకు అంత చల్లని చోటు మా ఊరిలో మరియొకటి లేదు' అన్నచో ఏమైనది? పాండిత్యము లేదు. కాని భూతకాలము వచ్చినది, వర్తమానము వచ్చినది, 'కాని' అను మలుపు వచ్చినది, పోలిక వచ్చినది. మొదటి భాగమునకు రెండు మూడు వాక్యములు చాలును. అంతకుమించి సాగదీసినచో పరీక్షకుడే తరువాతి ప్రశ్నకు పోవును.

చీటీ భాగమునకు మరికొంత సేపు నిలువవలెను. అభ్యర్థులు ఎక్కువగా కూలబడునది ఇచ్చటనే. 'మీ ఇంటిలో చాలకాలముగా నున్న వస్తువును వర్ణింపుడు' అని చీటీ వచ్చినదనుకొందము. ఆ వస్తువేది, ఎవరినుండి వచ్చినది, దేనికి వాడుదురు, మీకెందుకు ముఖ్యము అని దానిమీదనే మెట్లు వ్రాసియుండును. మన బిడ్డ మామ్మగారి భోషాణమును ఎంచుకొనెను. ఆ ఒక్క నిమిషములో పూర్తి వాక్యములు వ్రాయబోయినచో రెండు వాక్యములకే కాలము చెల్లును. మాటలే వ్రాసికొనవలెను: టేకు, ఇత్తడి బొడిపెలు, పెండ్లికి వచ్చినది, ఆవకాయ జాడీలు, పిల్లలు దాగుట, వరద. ఒక్కొక్క మాట వెనుక ఒక చిన్న కథ యున్నది. వరదలో ఇల్లు మునిగినప్పుడు పత్రములు ఆ పెట్టెలోనే దక్కినవని చెప్పుటకు అరనిమిషము పట్టును. వర్ణనతో రెండు నిమిషములు నిండవు, సంఘటనతో నిండును. నిజముగా జరిగినదే కానక్కరలేదు, కాని నిజముగా జరిగినది చెప్పువానికి తడుముకొను పని తగ్గును.

భోషాణమునకు ఆంగ్లపదమేది? తెలియకున్నచో ఆగిపోరాదు. 'చక్రములుగల పెద్ద కొయ్యపెట్టె, పైన ఒక మనిషి పండుకొనవచ్చును' అని చుట్టుతిప్పి చెప్పినచో అది లోపము కాదు సరికదా, పదసంపదలో ఎంచదగిన నేర్పు. ఇక పాత పుస్తకములలోని జాతీయములను అవసరము లేకున్నను తగిలించుట మాకు రుచింపదు. చినుకు పడినదనుటకు కుండపోత యన్నవానిని మనము తెలుగున ఎట్లు చూతుమో ఆంగ్లేయుడును అట్లే చూచును.

చివరి చర్చ తన కథను దాటి లోకమునకు పోవును. 'పాత వస్తువులను నేటివారు ఎందుకు పారవేయుచున్నారు? ఇరువది ఏండ్లకు ఇంకెట్లుండును?' అని అడుగుదురు. ఇచ్చట మామ్మగారిని వదలి, జనులు, పట్టణములు, చిన్న ఇండ్లు అని మాటలాడవలెను. ప్రశ్న అర్థము కానిచో మరల చెప్పుడని మర్యాదగా అడుగవచ్చును. అర్థమైనట్లు నటించి వేరొకదానికి జవాబిచ్చుట కంటె అది వేయిరెట్లు మేలు. ఆలోచనకై ఒక క్షణము నిలుచుటయు తప్పు కాదు. విషయమునకై నిలుచుట వేరు, మాటకై తడుముకొనుట వేరు. పై బ్యాండులకును క్రింది బ్యాండులకును గల ముఖ్యభేదములలో ఇది యొకటి.

మాటకై తడుముకొనుట ఎందుకు కలుగును? మన వాక్యములో క్రియ చివర వచ్చును. 'మా తమ్ముడు నిన్న సాయంకాలము బజారులో ఆ పెట్టెను' అని యంతయు చెప్పి, అప్పుడు 'అమ్మెను' అందుము. ఆంగ్లమున 'తమ్ముడు' అన్న వెంటనే 'అమ్మెను' అనవలెను. తెలుగున వాక్యము కట్టుకొని ఆంగ్లమునకు మార్చువాడు తోకనుండి తలకు నడువవలసి వచ్చును. ప్రతి వాక్యమున ఆగును. కనుక విషయమును తెలుగున ఆలోచింపవచ్చును, వాక్యమును మాత్రము ఆంగ్లముననే మొదలిడవలెను. మన 'కదా' ఎవరికైనను, ఎప్పటికైనను చెల్లును. ఆంగ్లమున కర్తను, కాలమును బట్టి మారును. అందుకే 'ఇజింటిట్' అను ఒక్క మాట మనవారి ప్రతి వాక్యము చివర తగులుకొనుచున్నది. 'తెలియుచున్నది' అను తెలుగు, 'ఐ యామ్ నోయింగ్' అను రూపమునకు దారితీయుచున్నది.

ఉచ్చారణమునకు వచ్చినచో, దొరల యాసను అనుకరింపనక్కరలేదు. తెలుగు యాస యున్నందుకు గుణములు తగ్గింపరు. అర్థము కాకుండుటకు తగ్గింతురు. మన భాష అజంతము గనుక హల్లుతో ముగియు ఆంగ్లపదమునకు మనము అచ్చు చేర్తుము. బస్ బస్సగును, కార్ కారగును. ఎకారము మొదట యకారమును చేర్తుము. శాసనసభ్యుడు మనకు 'యెమ్మెల్యే' అయినది అందువలననే. పడమర అను అర్థముగల వెస్ట్, లోపల తొడుగు బనియను అను అర్థముగల వెస్ట్ మన లిపిలో ఒకటే. ఆంగ్లమున మొదటిదానికి పెదవులు గుండ్రమగును, రెండవదానికి పైపండ్లు క్రింది పెదవిని తాకును. 'జూ'లోని ధ్వని కష్టమనువారు 'జడ' అనునప్పటి మన దంత్య జకారమును తలచుకొందురుగాక. అది దానికి చుట్టమే. అన్నిటికంటె ముఖ్యము ఊనిక. ఫోటోగ్రాఫ్ అనుచో మొదటి అక్షరముపై, ఫోటోగ్రఫీ అనుచో రెండవదానిపై ఊనిక పడును. మనము అన్ని అక్షరములను సమానముగా నడిపింతుము. వినువానికి మాట పోల్చుకొనుట కష్టమగును.

అభ్యాసమునకు గొప్ప శిక్షణశాలయే కావలెనని మేము అనము. ఇంటిలో ఆంగ్లము రాని తల్లియు సాయము చేయగలదు. గడియారము పట్టుకొని, బిడ్డ రెండు నిమిషములలో ఎన్నిమార్లు ఆగెనో, ఎన్నిమార్లు 'ఆఁ, ఆఁ' అనెనో ఆమె లెక్కపెట్టినచో చాలును. భాష తెలియనివారికి ఆగుటయే ముందు వినబడును. చేతి ఫోనులో తన మాటను పట్టి మరునాడు వినవలెను. మొదటిసారి తన గొంతు తనకే నచ్చదు. రేడియోలో ప్రసంగించువారికిని మొదట అట్లే యుండును. అదే విషయమును వారమునకు మూడు మార్లు, ప్రతిమారును వేరు మాటలతో చెప్పినచో బట్టీ కానిది అలవడును.

పరీక్షగదిలో ఒక సంగతి వలన పలువురు బెదరుచున్నారు. మంచి జోరుమీద నుండగా పరీక్షకుడు నడుమ ఆపివేయును. అది కోపము కాదు, తప్పు పట్టుటయు కాదు. ఆయనకు ప్రతి భాగమునకు కొలిచిన కాలము కలదు, దానిని మీరరాదు. ఆపినచోటనే ఆగి, చెప్పలేకపోయిన వాక్యమును మరచి, తరువాతి ప్రశ్నను వినవలెను.