పన్నెండు దెబ్బల బాకీ



బడి జ్ఞాపకాల మీద రెండు మాటలు మాట్లాడమన్నారు. నేను ఒక్క రోజు గురించే చెబుతాను. ఆ రోజు బాకీ ఒకటి నా మీద ఉంది.

1979 సంక్రాంతి సెలవులు. పదో తరగతి వాళ్లం నలభై మందిమి. సోషల్ సారు హైదరాబాద్ చూపిస్తానన్నారు. తలా పదిహేను రూపాయలు. చేతి ఖర్చుకని మా అక్క వరికోత కూలిలో దాచుకున్న పది రూపాయలు నా జేబులో పెట్టింది. ఏడో తరగతితో చదువు మానేసిన అక్క హైదరాబాద్ ఎన్నడూ చూడలేదు.

తెల్లవారుజామున నాలుగింటికి బడి ముందు బస్సెక్కాం. సూర్యాపేట, నకిరేకల్, చౌటుప్పల్ దాటి దిల్‌సుఖ్‌నగర్ చేరేసరికి కిటికీల నిండా మా తలకాయలే. మొదట చార్మినార్. 1591లో కులీ కుతుబ్ షా కట్టించాడని పుస్తకంలో బట్టీ పట్టినవాళ్లం, కింద నిలబడి చూస్తే మెడలు నొప్పి పుట్టాయి.

సారు గట్టిగా చెప్పారు. "గంటసేపు బజారు చూడండి. పదకొండింటికి అందరూ ఇక్కడే ఉండాలి. పన్నెండింటికి సాలార్‌జంగ్ మ్యూజియంల గడియారం ముందుండాలె." ఆ గడియారం బొమ్మ ముందురోజే బోర్డు మీద గీశారు. గంట గంటకూ తలుపు తెరుచుకుని గడ్డపు బొమ్మ బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొడుతుంది. పన్నెండు దెబ్బలు చూడాలని నెల రోజులుగా ఎదురుచూశాం.

నేను లాడ్ బజార్‌లో దూరాను. అద్దాలు పొదిగిన లక్క గాజులు కనబడ్డాయి. జత పన్నెండు రూపాయలన్నాడు. పక్క దుకాణం, దాని పక్కది, వెనక గల్లీ... చివరికి ఒక ముసలాయన ఎనిమిదికి ఇచ్చాడు. పొట్లం జేబులో పెట్టుకుని తలెత్తితే ఏ గల్లీలో ఉన్నానో తెలియలేదు.

నన్ను వెతికి పట్టుకునేసరికి పన్నెండు కావస్తోంది. సారు చొక్కా చెమటతో తడిసిపోయింది. చెంప పగులుతుందనుకున్నాను.

"ఏడ పోయినవ్ బిడ్డా?"

"అక్కకు గాజులు సార్."

పొట్లం విప్పి చూశారు. "జేబుల పెట్టకు, పలుగుతయి. సంచిల పెట్టు" అన్నారు. అంతే.

పత్థర్‌గట్టి, మదీనా మీదుగా పరుగెత్తి మ్యూజియం చేరేసరికి పన్నెండు దాటిపోయింది. నాతో ఎవరూ మాట్లాడలేదు. "ఒంటిగంటకు కూడా కొడతది, ఆగుదాం" అన్నారు సారు. ఆలోగా ముసుగు రెబెక్కాను చూశాం. పాలరాతిలోంచి పలచటి గుడ్డ కనబడేలా ఎలా చెక్కారో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఒంటిగంటయింది. తలుపు తెరుచుకుంది, బొమ్మ వచ్చింది, ఒక్కటంటే ఒక్కటే దెబ్బ కొట్టి లోపలికి పోయింది. క్లాసంతా ఘొల్లుమని నవ్వింది. నా మీద కోపం అక్కడితో పోయింది. తిరుగు ప్రయాణమంతా నా పేరు "ఒక్క దెబ్బ". ఆ ఒక్క దెబ్బా గడియారమే కొట్టింది, సారు కొట్టలేదు.

కానీ నేను గడియారాన్ని చూడలేదు. సిగ్గుతో తల తిప్పుకుని ఉన్నాను. అందుకే ఎవరూ చూడనిది నాకు కనబడింది. అందరూ బొమ్మను చూస్తుంటే, సారు గడియారానికి వీపు పెట్టి వేలు ఊపుతూ మమ్మల్ని లెక్కపెడుతున్నారు. బిర్లా మందిర్ మెట్ల మీదా అంతే, సాయంత్రం ట్యాంక్‌బండ్ మీదా అంతే. హుస్సేన్‌సాగర్‌లో అప్పటికి బుద్ధుడు లేడు, నీళ్లే. ఆ నీళ్లయినా ఆయన చూసినట్టు నాకు గుర్తులేదు. మాకు ఊరంతా చూపించి, ఆయన చూసింది నలభై తలకాయలు.

అక్క ఆ గాజులతోనే పెళ్లిపీటల మీద కూర్చుంది. ఆ మాట సారుకు ఇన్నేళ్లలో చెప్పలేదు. ఇవాళ చెబుతున్నాను.

సారు ఇక్కడే ముందు వరుసలో ఉన్నారు. నాదొక మనవి. వచ్చే సెలవుల్లో ఇప్పటి పదో తరగతి పిల్లల్ని మన బ్యాచ్ హైదరాబాద్ తీసుకుపోదాం. బస్సు ఖర్చు మనది. శుక్రవారం మ్యూజియానికి సెలవు, మరో రోజు పెట్టుకుందాం. పదకొండున్నరకల్లా సారును గడియారం ముందు బెంచీ మీద కూర్చోబెడదాం. పన్నెండు దెబ్బలూ ఆయన తనివితీరా చూడాలి.

పిల్లల్ని లెక్కపెట్టే పని నాది. సెలవు.