ఇంజను విప్పే ముందు గేజీ పెట్టించండి
(మండల రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర, బ్యాంకు రుణం, పంటల బీమా గురించి ఈ తరగతుల్లో ఎప్పుడూ మాట్లాడుకుంటున్నాం. ఈరోజు ట్రాక్టరు ఇంజను గురించి మాట్లాడుకుందాం. ఇది కూడా అప్పు సంగతే. దుక్కుల వేళకు బండి పొద్దున్నే స్టార్టు కాదు, పొగ కక్కుతుంది, రోటవేటరు వేస్తే లాగదు. షెడ్డుకు తోలుకుపోతే ‘బోరుకొచ్చింది’ అంటారు. పిస్టన్లు, రింగులు, లైనర్లు, బేరింగులు అన్నీ కలిపి చీటీ రాస్తారు. ఆ చీటీ పట్టుకుని మనం వడ్డీకి డబ్బు తెస్తాం. ఆ మాట నిజమే కావచ్చు. కానీ దేన్ని కొలిచి చెప్పారని మనం అడగడం లేదు.

డీజిల్ ఇంజనులో నిప్పు పెట్టే ప్లగ్గు ఉండదు. పిస్టను గాలిని పదహారు, పద్దెనిమిది రెట్లు నొక్కితే ఆ గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. గాలి ఎక్కడైనా కారిపోతే వేడి చాలదు. అందుకే అరిగిన ఇంజను చలికాలం పొద్దున మొరాయిస్తుంది, తెల్లపొగ వదులుతుంది. అయితే నాజిల్ చెడినా, పంపు టైమింగ్ తప్పినా తెల్లపొగే వస్తుంది. ఎయిర్ క్లీనర్ మూసుకుపోతే నల్లపొగ వస్తుంది. నీలం పొగ వస్తే ఆయిల్ మండుతోందని అర్థం. ఆ ఆయిల్ రింగుల పక్కనుంచి ఎక్కుతోందా, వాల్వు గైడ్లలోంచి దిగుతోందా అన్నది పొగ చెప్పదు. గేజీలు చెబుతాయి.

మొదటిది కంప్రెషన్ పరీక్ష. ముందుగా బ్యాటరీ నిండా చార్జి అయి ఉండాలి. ఎయిర్ క్లీనర్ శుభ్రంగా ఉండాలి. టాపెట్ల గ్యాపు సరిచూసుకోవాలి. ఇంజను వేడెక్కాక నాజిళ్లన్నీ విప్పి, డీజిల్ రాకుండా కట్ చేసి, ఒక్కో సిలిండరుకు గేజీ బిగించి సెల్ఫ్ కొట్టాలి. టైరు గాలి కొలిచే పీఎస్‌ఐ లెక్కలోనే చెబితే, మంచి డీజిల్ ఇంజను సాధారణంగా 350 నుంచి 500 మధ్య చూపిస్తుంది. మీ బండికి ఎంత ఉండాలో కంపెనీ మాన్యువల్లో ఉంటుంది. పెట్రోలు బండ్ల గేజీ దీనికి పనికిరాదు, ఆ ఒత్తిడికి పాడైపోతుంది.

అంకెలను ఒకదానితో ఒకటి పోల్చాలి. సిలిండర్ల మధ్య పది శాతం లోపు తేడా ఉంటే ఇబ్బంది లేదు. 400, 395, 290 వచ్చిందంటే లోపం మూడో సిలిండరులో ఉంది. పక్కపక్క రెండు సిలిండర్లే పడిపోతే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ కాలిందేమో చూడాలి. అన్నీ సమానంగా తగ్గితే మొత్తం అరుగుదల అనుకోవచ్చు, కానీ సెల్ఫ్ నెమ్మదిగా తిరిగినా అలాగే వస్తుంది.

ఏ సిలిండరు బలహీనమో ఈ పరీక్ష చెబుతుంది. కారణం చెప్పేది రెండోది, లీక్‌డౌన్ పరీక్ష. ఆ సిలిండరు పిస్టన్‌ను కంప్రెషన్‌లో పైకొసకు తెచ్చి, రెండు వాల్వులూ మూసి ఉండగా, నాజిల్ రంధ్రం గుండా గాలి పట్టాలి. పంక్చరు షాపు కంప్రెసరు చాలు. రెండు గేజీల్లో ఒకటి పంపే గాలిని, ఇంకొకటి లోపల నిలిచిన గాలిని చూపిస్తుంది. 100 పంపితే 90 నిలిస్తే పది శాతం లీకు. పది లోపు బాగున్నట్టు, ఇరవై దాకా నడుస్తుంది, ముప్పై దాటితే పని పడ్డట్టు. ఇవి మెకానిక్కులు వాడే ఉజ్జాయింపు హద్దులు. గాలి పట్టగానే ఇంజను తిరగబోతుంది. గేరు న్యూట్రల్‌లో పెట్టి, తిప్పిన స్పానరు తీసేసి, ఫ్యానుకు చేతులు దూరంగా ఉంచాలి.

తర్వాత చెవి పెట్టి వినాలి. ఎయిర్ క్లీనర్ వైపు బుస్సుమంటే ఇన్‌లెట్ వాల్వు. సైలెన్సరులో వినిపిస్తే ఎగ్జాస్టు వాల్వు. ఈ రెండూ హెడ్ విప్పి వాల్వులు గ్రైండింగ్ చేయిస్తే సరిపోయే పనులు కావచ్చు, బోరు జోలికి పోనక్కర్లేదు. రేడియేటరు నీళ్లలో బుడగలు లేస్తే గ్యాస్కెట్టో, హెడ్డు పగులో. ఆ మూత మాత్రం వేడి తగ్గాకే తీయాలి. ఆయిల్ పోసే మూత దగ్గర, బ్రీదరు దగ్గర గట్టిగా గాలి తన్నితే అప్పుడు రింగులు, లైనర్లు. రింగుల దగ్గర కాస్త కారడం మంచి ఇంజనుకూ ఉంటుంది. బేరింగుల సంగతి మాత్రం ఈ పరీక్షల్లో తేలదు, దానికి ఆయిల్ ప్రెషరు చూడాలి.

మెకానిక్కులతో మనకు పోట్లాట లేదు. వాళ్లూ మన ఊరి కష్టజీవులే. చాలా షెడ్లలో ఈ గేజీలు లేవు, ఉన్నా అడిగేవాళ్లు లేరు. అందుకే ఇకనుంచి మనం అడుగుదాం. ఇంజను విప్పకముందే సిలిండరువారీగా అంకెలు చీటీ మీద రాయించుకుందాం. మార్చిన పాత సామాను తీసుకుని చూద్దాం. సెకండ్‌హ్యాండు బండి కొనేటప్పుడు రంగు, టైర్లు చూసి బయానా ఇవ్వొద్దు, గేజీ పెట్టాకే బేరం. ఊరికొకటి వీలుకాకపోతే సంఘం తరఫున మండలానికి ఒక సెట్టు కొనుక్కుందాం.

ప్రభుత్వాన్నీ అడుగుదాం. మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ప్రతి మండలం నుంచి యువకులకు, షెడ్డు మెకానిక్కులకు అక్కడ ఈ పరీక్షల్లో శిక్షణ ఇప్పించాలి. సబ్సిడీతో నడిచే యంత్రాల అద్దె కేంద్రాల్లో ఈ గేజీలు ఉంచాలి. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసినప్పుడు వ్యవసాయ యంత్రాలనూ అందులో చేర్చింది. ఆ హక్కు మన దాకా రావాలంటే కంపెనీలు రిపేరు మాన్యువళ్లు తెలుగులో ఇవ్వాలి, ఒత్తిడి అంకెలు అందులో ఉండాలి.

పత్తి తూకంలో కాటా చూపించమని కొట్లాడి సాధించుకున్నాం. ఇంజను దగ్గరా అదే అడుగుదాం. కొలిచి చూపించండి, ఆ తర్వాతే విప్పండి.